తలపిన్ను మీద మోపిన నింద

ఈ సంగతి వ్రాయుటకు నాకు కొంచెము సిగ్గుగానే ఉన్నది. డెబ్బది యేండ్లు దాటిన తాత తొమ్మిదేండ్ల పిల్ల మీద లేని నేరము మోపిన కథ ఇది. అయినను మన గ్రామములలో పిల్లలున్న ఇండ్లు అనేకములు, నావంటి తాతలును అనేకులు గనుక, జరిగినది జరిగినట్లు చెప్పుచున్నాను.

2023వ సంవత్సరము మార్చి నెలలో నేనును నా భార్యయు అమెరికా దేశములో డల్లాస్ పట్టణపు శివారున నున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లితిమి. ఆ ఇంటి ముందుగదిలో, గోడ పొడవున, ఒక పెద్ద గాజుతొట్టి యుండెను. 75 గ్యాలన్లు పట్టును. మన లెక్కలో సుమారు 280 లీటర్లు. అందులో చేపలును సజీవమైన పగడములును ఉండెను. సముద్రము అక్కడికి కారులో అయిదు గంటల దూరము. గనుక మా అల్లుడు శుద్ధి చేసిన నీటిలో సంచి ఉప్పు కలిపి సముద్రమును ఇంటిలోనే తయారు చేసికొనుచుండెను. నేను నెల్లూరు జిల్లా సముద్రతీరమున పుట్టినవాడను. ఉప్పునీటిని డబ్బిచ్చి చేసికొనుట చూచి నాకు నవ్వు వచ్చినది.

పగడమనగానే మనకు ఉంగరములోని ఎఱ్ఱపూస జ్ఞాపకము వచ్చును. ఇవి ఆ జాతివి కావు. సముద్రములో దిబ్బలు కట్టు జాతివి. చూచుటకు పూలమొక్కల వలె నుండును గాని నిజమునకు ఇవి జంతువులు. గింజంత జీవులు వందలుగా, వేలుగా కూడి తమ క్రింద సున్నపురాతిని కట్టుకొనుచు పెరుగును. వాటి ఒంటిలో కంటికి ఆనని నాచు కాపురముండును. ఆ నాచు వెలుగునుండి ఆహారము చేసి చాలవరకు ఇంటివానిని పోషించును. ఇంటివాడు దానికి చోటిచ్చి కాపాడును. ఆ పగడము యొక్క రంగులో పెద్దపాలు ఈ నాచుదే. పగడమునకు బాధ కలిగినప్పుడు నాచు వెడలిపోవును, క్రింది తెల్లని రాయి బయటపడును. మన దేశములో ఈ రాతిపగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పులితో సమానమైన పట్టికలో ఉన్నవి గనుక ఇట్టి తొట్టి పెట్టుకొనుటకు వీలులేదు. అక్కడివారు ఒకరి తొట్టిలో పెరిగిన కొమ్మను తుంచి మరియొకరికి ఇచ్చుకొందురు. మనవారు మల్లె అంటు ఇచ్చుకొనునట్లే.

మేము వెళ్లునాటికే ఆ తొట్టి చిక్కిపోవుచుండెను. అక్రోపోరా అను కొమ్మల పగడము మూడు మొదళ్లలో ఉండెను. వాటి క్రిందిభాగమున చర్మము వలిచినట్లు పోయి, తెలుపు దినదినము పైకి ఎక్కుచుండెను. టార్చి అను మరియొక జాతి, వ్రేలంత పొడవు తంతువులను చాపి నీటిలో ఊగవలసినది, ముడుచుకొని పిడికిలి వలె నుండెను. నత్తలు కొన్ని చచ్చెను. అయితే చేపలు మాత్రము హాయిగా తిరుగుచుండెను. ఇది ఒక గుర్తు అని నాకప్పుడు తెలియదు.

మా అల్లుడు ఓపికగలవాడు. రాత్రి పదిగంటలకు పనినుండి లేచి, చిన్న చిన్న సీసాలలో రంగుమందు చుక్కలు వేసి నీటిని పరీక్షించుచుండెను. క్షారగుణము సరి. కాల్షియము కొంచెము ఎక్కువ. నైట్రేటు, ఫాస్ఫేటు సరి. వేడిమి 78 డిగ్రీలు, అనగా మన సెంటీగ్రేడులో 25, 26, అదియు సరి. దీపము కొత్తది గనుక వెలుగు ఎక్కువైనదేమో అని తగ్గించెను, ఫలము లేదు. ఆ పట్టణపు నీటిలో క్లోరినును అమ్మోనియాను కలిపిన క్లోరమీన్ అను మందు వేయుదురు. అది బొగ్గు జల్లెడను దాటి వచ్చుచున్నదేమో అని జల్లెడలు మార్చి చూచెను, లేదు. అక్రోపోరాను తినునట్టి, దాని రంగులోనే కలసిపోవు చదును పురుగులు కొన్ని ఉన్నవి. వాటికొరకు నడిరేయి టార్చిలైటు పట్టుకొని వెదకెను. ఒక కొమ్మను మందునీటిలో ముంచి విదిలించెను. ఒక్క పురుగును రాలలేదు. ఏమియు తోచనప్పుడు అందరు చేయు పనినే అతడును చేసెను. వారమునకొకసారి పదోవంతు నీరు తీసి కొత్తనీరు పోయువాడు, వారమునకు రెండుసార్లు పోయసాగెను.

ఎంత నీరు మార్చిన అంత చెడిపోవుచుండెను.

ఇక నా పాలు చెప్పెదను. ఒక శనివారము నేను సహాయము చేయుచు, తొట్టి క్రింది బీరువాలోనున్న సంపులో చేయిపెట్టి బురద తీయుచుండగా వ్రేళ్లకు ఏదో తగిలెను. తీసి చూడగా తుప్పు పట్టిన తలపిన్ను. చిన్నపిల్లలు పెట్టుకొనునది, పైన ఊదారంగు పువ్వు ఇంకను కొంచెము మిగిలి యుండెను. లోహము నీటిలో కరగిన పగడములు చచ్చునని అల్లుడు ముందే చెప్పియుండెను. అందులో రాగి మహా చెడ్డదట. నాకు ఆ క్షణమున అంతయు తేటయైనట్లు తోచెను. మనుమరాలిని పిలిచితిని.

"ఇది ఎవరిదమ్మా?"

"నాదే తాతా."

"ఇందులో ఎట్లా పడింది?"

"తెలీదు."

"తెలీకుండా ఎట్లా పడుతుంది? నువ్వే కదా రోజూ చేపలకు మేత వేసేది?"

అమ్మాయి వంటయింటినుండి వచ్చి "పోనీలే నాన్నా" అనెను. నేను ఊరకుండలేదు. వస్తువుల విలువ తెలియవలెననియు, ప్రాణముల విషయములో పరాకు పనికిరాదనియు చాలసేపు చెప్పితిని. ఆ పిల్ల ఏడువలేదు. తొట్టివైపు ఒకసారి చూచి లోనికి వెళ్లిపోయెను. మరునాటినుండి మేత వేయుటకు రాలేదు. తల్లి అడుగగా "నేను దగ్గరికి వెళ్తే అవి చచ్చిపోతాయి" అనెనట.

అల్లుడు మాత్రము పిన్నును పారవేసి, లోహములను పట్టు జల్లెడ వేసి, తొట్టినీరు చిన్నసీసాలో పట్టి ప్రయోగశాలకు పంపెను. జవాబు వచ్చుటకు రెండు వారములు పట్టునని చెప్పిరి. పిన్ను తీసిన తరువాతను తెలుపు ఎక్కుట ఆగలేదు. నేను దానికికూడ సమాధానము కల్పించుకొంటిని: విషము ఎక్కినది దిగుటకు కాలము పట్టునని.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పక తప్పదు. 1990 తరువాత మా తీరమున అందరును రొయ్యల గుంటలు త్రవ్విరి. నేనును మూడెకరములు త్రవ్వితిని. 1994లో టైగరు రొయ్యలు గట్టువారకు వచ్చి, పెంకుమీద తెల్లని చుక్కలతో, వారము దినములలో సమస్తము చచ్చెను. నా గుంటకు ఒక కాపలాదారుడు ఉండెను. భార్యయు ఇద్దరు పిల్లలును గట్టుమీది పాకలోనే అతనితో ఉండిరి. అతడు ఎవరివద్దనో డబ్బు తీసికొని నీటిలో మందు పోసెనని నేను నమ్మితిని, నలుగురిలో అంటిని, పంపివేసితిని. ప్రక్క గుంటలును చచ్చుచుండగా, అతడొక్కడే అన్ని గుంటలలోను మందు పోసెనా అని ఆలోచించుటకు నాకు తోచలేదు. అది తెల్లమచ్చ వ్యాధి అనియు, వైరస్ వలన కలుగుననియు తరువాత అందరికిని తెలిసినది. తెలిసిన తరువాత నేను అతనిని వెదకలేదు.

ఒక తెల్లవారుజామున నిద్రపట్టక ముందుగదిలో కూర్చుండి అల్లుని లెక్కల పుస్తకము తిరుగవేయుచుంటిని. ఎనిమిది నెలల లెక్క. మెగ్నీషియము అను లవణపు వరుస చూచితిని: 1320, తరువాత 1380, 1440, ఇప్పుడు 1500. అల్లుడు లేవగానే "ఇది నువ్వు కలుపుతున్నావా నాయనా?" అని అడిగితిని. "లేదు మామయ్యా, ఈ ఉప్పు సంచిలోనే ఎక్కువ వేసి ఉంటారు" అనెను. కాల్షియముకూడ అట్లే పెరుగుచుండెను. ఆ ప్రక్కనున్నది ఉప్పు వరుస. వెయ్యి పాళ్ల నీటిలో ఎన్ని పాళ్లు ఉప్పు అని. అక్కడ మొదటినుండి చివరివరకు 35, 35, 35.

సముద్రపు ఉప్పులో అన్ని లవణములును ఒక లెక్కప్రకారము కలిసియుండును. ఉప్పు పెరుగకుండ దానిలోని మెగ్నీషియము మాత్రము ఎట్లు పెరుగును? మే నెలలో గుంట ఎండునప్పుడు అన్నియు కలిసి ఎక్కుట చూచినవాడను గనుక, నాకు అక్కడ మనసు ఆగినది. వ్రేలు ముంచి నాలుకమీద పెట్టుకొనబోతిని, గుంటలమీద మా అలవాటు అది. అల్లుడు పరుగున వచ్చి చేయి పట్టుకొనెను. ఆ తొట్టిలోని గుండీల వంటి పగడములలో కొన్నిటియందు ప్రాణము తీయు విషముండునట. ఇట్టి తొట్టి నీటిని ఎవరును నోట పెట్టుకొనరాదు.

"అయితే ఆ ఉప్పు గొట్టం ఇటియ్యి" అంటిని. రిఫ్రాక్టోమీటరు అను ఆ గొట్టమును రొయ్యల రైతులందరును ఎరుగుదురు. గాజుమీద చుక్కనీరు వేసి వెలుగువైపు పట్టి చూచిన, పైన నీలము, క్రింద తెలుపు. రెండును కలియు గీత ఎక్కడ నిలిచిన అది ఉప్పు లెక్క. మేము బ్యాటరీలో పోయు డిస్టిల్ వాటరు చుక్క వేసి, గీత సున్నమీద నిలుచునట్లు మర తిప్పుకొని, అప్పుడు గుంటనీరు చూచెడివారము. నేను శుద్ధినీటి చుక్క వేసి చూచితిని. గీత సున్నమీద లేదు. సున్నకు క్రిందను లేదు. గొట్టమంతయు నీలమే, గీత అడుగునకు దిగి కనుమరుగై పోయినది.

అల్లుడు ఒప్పుకొనలేదు. "నీళ్లతో సున్నా చూడడం పాత పద్ధతి మామయ్యా. తొట్టి ఉండేది 35 దగ్గర గదా, అందుకని 35 ఉన్న మందుతోనే సరిచేయాలి" అనెను. నిజమే, అతడు చెప్పిన పద్ధతియే మేలైనది. ఆ మందు సీసా తెచ్చి చూపెను. కిందటి వేసవిలో కొన్నది. నేను మూత తిప్పి చూచితిని. మూతకు వెండ్రుకంత పగులు. సీసా మెడచుట్టును తెల్లగా ఉప్పు పేరుకొని యుండెను. లోపలి మందు భుజము క్రిందికి దిగియుండెను.

చదువరులారా, నీరు ఆరిపోవును గాని ఉప్పు ఆరిపోదు. ఎనిమిది నెలలు ఆ పగులునుండి నీరు కొంచెము కొంచెముగా పోయి, 35 అని చీటీ అంటించిన మందు అంతకంత చిక్కబడినది. మా అల్లుడు ప్రతి నెలయు శ్రద్ధగా ఆ చిక్కని మందును చూచి, అది 35 అని గొట్టమునకు నేర్పుచుండెను. ఆ గొట్టమును నమ్మి తొట్టిలోనికి నీరు కలుపుచుండెను.

అది రుజువు చేయుటకు వంటయింటి ఉప్పే చాలినది. సాధారణమైన ఉప్పు 36.5 గ్రాములను 963.5 గ్రాముల నీటిలో కలిపిన, ఈ గొట్టములో అది సముద్రజలము వలె సరిగా 35 చూపవలెను. త్రాసు అర గ్రాములు తూచదు గనుక రెండింతలు చేసితిమి. 73 గ్రాముల ఉప్పు, 1927 గ్రాముల నీరు. బాగుగా కరగనిచ్చి, గదివేడికి వచ్చువరకు ఆగి, చుక్క వేసి అల్లునికే ఇచ్చితిని. చాలసేపు చూచెను. కన్ను తుడుచుకొని మరల చూచెను.

"ఇరవై తొమ్మిది" అనెను.

అనగా గొట్టము ఆరు పాళ్లు తక్కువ చెప్పుచున్నది. అది 35 అన్నప్పుడు తొట్టిలో నిజముగా ఉన్నది 41. ఆ 280 లీటర్లలో సుమారు కిలోన్నర ఉప్పు అధికముగా ఉన్నది. పగడములు నలతపడిన కొలది అతడు నీరు మార్చెను. మార్చిన ప్రతి బకెట్టును ఉప్పును ఇంకను పైకి ఎక్కించెను. చేపలకు మూత్రపిండములును మొప్పలును ఉన్నవి గనుక అవి అధికమైన ఉప్పును బయటికి త్రోసివేసికొని బ్రదికెను. పగడమునకు అట్టి ఏర్పాటు లేదు. బయటి నీరు ఎట్లున్న దాని ఒళ్లును అట్లే అగును.

అల్లుడు వెంటనే ఒక ప్రశ్న వేసెను, మంచి ప్రశ్న. "ఎర్రసముద్రంలో నలభై దాకా ఉంటుంది గదా మామయ్యా, అక్కడ పగడాలు లేవా?" ఉన్నవి. ఎఱ్ఱసముద్రపు ఉత్తరభాగమున అంత ఉప్పులోను చక్కని పగడపు దిబ్బలున్నవి. అయితే అవి తరతరములుగా అక్కడనే పుట్టినవి. ఇవి 35లో పెరిగిన కొమ్మలు. కొన్ని నెలలలో 41కి ఈడ్వబడినవి. ఉప్పు ఒక్కటే చంపెనా, మాటిమాటికి నీరు మార్చిన కుదుపు కూడ చంపెనా అని విడదీసి చెప్పుటకు వీలులేదు. రెండును ఒక్క సీసా మూతనుండియే వచ్చినవి.

దించుటలో తొందరపడలేదు. రోజు విడిచి రోజు ఏడెనిమిది లీటర్ల తొట్టినీరు తీసి అంత మంచినీరు మెల్లగా పోసితిమి; ఒక్కొక్కసారికి ఒక పాలు దిగెను. ఆ మధ్యలో ప్రయోగశాల జవాబు వచ్చెను. రాగి కానరాలేదు. సోడియము మొదలుకొని పెద్ద లవణములన్నియు ఉండవలసినదానికంటె ఆరింట ఒక వంతు ఎక్కువ. అక్రోపోరాలు మూడింటిలో రెండు పోయెను. మూడవదాని కొన మాత్రము బ్రదికియుండగా తుంచి వేరొక రాతికి అంటించెను. టార్చి పగడము తొమ్మిదవ దినమున రెండు తంతువులు చాపెను. మరుసటి వారము పూర్తిగా విచ్చుకొని ఊగెను.

ఆ సాయంత్రము నేను మనుమరాలి గదికి వెళ్లి, మంచము ప్రక్క నేలమీద కూర్చుండి, పిన్ను వలన ఏ పగడమును చావలేదనియు, నేను పొరబడితిననియు, అందరియెదుట గద్దించినది తప్పనియు చెప్పితిని. ఆమె సావధానముగా వినెను.

"పిన్ను పడింది నా వల్లే గదా కానీ" అనెను.

"పడింది. దానివల్ల చావలేదు."

"మరి నువ్వు ముందే ఉప్పు ఎందుకు చూడలేదు తాతా? నీకు తెలుసు గదా?"

దానికి నేను జవాబు చెప్పలేదు. చేతిలో పిన్ను కనబడినప్పుడు నేను ఇంక దేనిని చూచుట మానితినని తొమ్మిదేండ్ల పిల్లతో ఎట్లు చెప్పవలెనో తెలియలేదు. కొంతసేపటికి ఆమెయే లేచి వెళ్లి చేపలకు మేత వేసెను.

స్వదేశమునకు తిరిగివచ్చిన తరువాత ఆ కాపలాదారుని ఊరు కనుగొని వెళ్లితిని. అతడు పోయి చాలకాలమైనదట. కుమారుడు ఆటో నడుపుచున్నాడు. గట్టుమీది పాకలో ఆడుకొన్న ఇద్దరిలో పెద్దవాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసి టీ తెప్పించెను. నేను చెప్పదలచినదానిలో సగమే చెప్పగలిగితిని. అతడు కప్పు తీసికొని "ఆయన రొయ్య మళ్లీ ముట్టలేదు సార్" అని మాత్రము అనెను.

డల్లాసులో కొత్త మందు సీసా వచ్చినది గాని, మనుమరాలు దానిని నమ్మదు. ప్రతి శనివారము తానే స్టూలెక్కి త్రాసుమీద 73 గ్రాముల ఉప్పు తూచి, నీరు కలిపి, గొట్టము కంటికి పెట్టుకొనును. పోయిన వారము ఫోనులో నన్ను పిలిచి, మా క్షేమమైనను అడుగకుండ, "మంచినీళ్లు సున్నా తాతా, ఉప్పునీళ్లు ముప్పై అయిదు, రాసుకో" అనెను. వ్రాసికొంటిని.